తేనెగొడుగులూ కడుపుమంటా

"పాము కరిస్తే ఆస్పత్రి ఉంది. కుక్క కరిస్తే ఇంజక్షనుంది. కుక్కగొడుగు తింటే ఏముందండీ? గోడ మీద ఫోటో తప్ప!"

ఆదివారం పొద్దున్నే స్టవ్వు ముందు నిలబడి ఆమె అన్న మాటది. భర్త బస్సు డ్రైవరు. డ్యూటీకి బయలుదేరుతూ గుమ్మం దగ్గర కూర్చుని బూట్ల తాళ్ళు బిగించుకుంటున్నాడు.

"పిల్ల ఇంకా ఇంట్లోంచి కదల్లేదు. నువ్వప్పుడే గోడకి మేకు కూడా కొట్టేశావా?" అన్నాడు.

"మీకన్నీ నవ్వులాటలే."

"మా వదినకి ఆ గొడుగుల సంగతి చిన్నప్పట్నుంచీ తెలుసే. వాళ్ళ నాన్న చెయ్యి పట్టుకుని నేర్పాడు. ఇన్నేళ్ళుగా తింటోంది, రాయిలా ఉంది."

"రాయిలా ఉంది కాబట్టే అరుగుతోంది. పసిపిల్ల కడుపు రాయా?"

అతను రెండో బూటు అందుకున్నాడు. భార్యతో వాదించడం కంటే ఇరుకు సందులో బస్సు వెనక్కి తిప్పడం తేలికని అతనికి పెళ్ళైన కొత్తలోనే తెలిసింది.

ఆ వీధిలో ఆమెని అందరూ భయాలమ్మ అంటారు. మొదట్లో వెనకాల అనేవారు, ఇప్పుడు ఎదురుగానే అంటున్నారు, ఆమె పలుకుతోంది కూడా. గ్యాసు కట్టేసి, కట్టేశానో లేదో అని సగం దారిలోంచి తిరిగి వచ్చే మనిషి. పిల్ల తుమ్మితే న్యుమోనియా, దగ్గితే క్షయ, ఏమీ లేకుండా ఊరికే కూర్చుంటే లోపల ఏదో ముదురుతున్నట్టు లెక్క. బట్టలు బాగుచేసే దుకాణంలో పని. చినిగిన జిప్పులు మార్చడం, పొడుగైనవి మడిచి కుట్టడం, అణిగిపోయిన బొంతలకీ దిళ్ళకీ మళ్ళీ దూది కూరడం. అక్కడ కూడా సూది ఒకటి తగ్గిందంటే ఎవరి ఒంట్లోకి దిగబడిందో అని పని ఆపేసి నేలంతా వెతికించేది.

కానీ ఆ ఉదయం ఆమె మాటల్లో ఉన్నది ఉత్త భయం కాదు. కోటుకి పైగుడ్డ ఒకటి, లోపలి లైనింగు ఇంకొకటి ఉంటాయి కదా. పైన భయం. తిరగేసి చూస్తే లోపల వేరే గుడ్డ, వేరే రంగు. ఆ లైనింగుని ఆమె ఎవరికీ చూపించలేదు. తనూ సరిగ్గా చూసుకోలేదు.

ఆమెకి ఒక్కగానొక్క కూతురు. సన్నగా, గలగలలాడుతూ ఉంటుందని పిట్ట అని పిలుస్తారు. పన్నెండేళ్ళు ఇంకా నిండలేదు. నిన్నమొన్నటి దాకా బడి కాగానే దుకాణానికి వచ్చి, మిషను పక్కన స్టూలు మీద కూర్చుని, అయస్కాంతంతో గుండుసూదులు ఏరుతూ లోకంలోని కబుర్లన్నీ అమ్మ చెవిలో పోసేది. ఇప్పుడు ఆ స్టూలు మీద మడతపెట్టిన పంట్లాలు కూర్చుంటున్నాయి. పిట్ట మేడ మీద వాలుతోంది.

మేడ మీద వాటాలో ఉండేది పెద్ద తోడికోడలు. బావగారు పోయి చాన్నాళ్ళయింది, పిల్లల్లేరు. కళ్ళద్దాల దుకాణంలో అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగించే పని ఆమెది. ఊళ్ళో సగం మందికి చూపు సరిచేసిన ఆ మనిషివి మాత్రం గద్ద కళ్ళు. చలి వెనక్కి తగ్గి, ఒక మంచి వాన పడి, మర్నాడు ఎండ కాసిందంటే ఇక ఆమె ఇంట్లో నిలవదు. బుట్టా చాకూ పట్టుకుని ఆఖరి స్టాపు దాకా బస్సులో వెళ్ళి, అక్కడి నుంచి అడవిలోకి నడుస్తుంది. ఎక్కడ పడితే అక్కడ మొలిచే గొడుగులు ఆమెకి అక్కర్లేదు. వసంతంలో మాత్రమే, అదీ ఎక్కడో ఒకచోట మాత్రమే, చచ్చిపోతున్న చెట్ల మొదళ్ళలోనో, నిరుడు మంటలంటుకుని కాలిన నేలలోనో నాలుగు రోజులు కనబడి మాయమయ్యే రకం ఒకటుంది. టోపీ మీద తేనెపట్టులా గుంటలు గుంటలుగా ఉంటుంది. పిట్ట దానికి తేనెగొడుగు అని పేరు పెట్టింది. కిందటేడు సరదాగా ఒకసారి వెంట వెళ్ళింది. ఈ ఏడు ఆదివారమంటే చాలు, వాన పడిందా లేదా అని కిటికీకి అంటుకుపోతోంది.

ముందటి ఆదివారం పైన కూర వండారు. ఆమె గిన్నె తిరిగి ఇవ్వడానికి మేడెక్కింది. ఎత్తు పీట మీద ఒక సాసరు, దాని మీద కప్పు బోర్లించి ఉంది. ఎత్తి చూస్తే అన్నిట్లోకీ పెద్ద గొడుగు, పచ్చిది, ఒంటరిగా.

"ఓహో, పిట్టకని దాచారన్నమాట. మేం మనుషులం కాము," అంది నవ్వుతున్నట్టే.

పిట్ట పకపకా నవ్వింది. "అది తినేది కాదమ్మా. సాక్షి!"

"ఏం సాక్షి? ఎవరి మీద కేసు?"

"వండకుండా ఒకటి ఉంచాలి. రేపు ఎవరికైనా కడుపులో తేడా చేస్తే డాక్టరుకి చూపించడానికి. మంచివే అని తెలిసినా సరే, ఒకటి ఉంచాలి. అదీ పద్ధతి. కదా పెద్దమ్మా?"

ఇంకొకరైతే అబ్బ, ఎంత జాగ్రత్త అనుకునేవారు. భయాలమ్మ మెట్లు దిగుతూ, సాక్షి కావాలంటే ముందు నేరం జరగాలి కదా అనుకుంది. ఆ రాత్రి పిట్ట నుదురు చేత్తో తాకి తాకి చూసింది. పిల్ల చల్లగా, హాయిగా నిద్రపోతోంది. అందుకు సంతోషించాలి. సంతోషించింది కూడా. కానీ ఆ "కదా పెద్దమ్మా" అన్నది మాత్రం గోటి కింద దిగిన ముల్లులా సలపడం మానలేదు.

ఈ ఆదివారం మధ్యాహ్నం దాటాక ఇద్దరూ వచ్చారు. మోకాళ్ళ దాకా మసి, జుట్టు నిండా ఆకులు. నేరుగా కిందివాటాలోకే వచ్చి, వంటింటి బల్ల మీద పాత పేపరు పరిచి బుట్ట కుమ్మరించారు. పెద్దావిడ కావాలనే కింద ఆగింది, చిన్న తోడికోడలు కూడా చూస్తుందని. ఆమెకి అది అలా కనబడలేదు. నా బల్ల మీద నా ఎదుటే నా పిల్లతో ఆట అనుకుంది.

"అమ్మా, ఇలా రా, నీకూ చెప్తాను," అంది పిట్ట. చాకు తీసుకుని ఒక గొడుగుని టోపీ కొస నుంచి కాడ చివరిదాకా నిలువునా చీల్చింది. "చూశావా, లోపల డొల్ల. పైనుంచి కింద దాకా ఒకటే గది. ఇలా ఉంటేనే అసలుది. దీని చుట్టం ఒకటుంది, మెదడు గొడుగు. అది పైకి ముడతలు ముడతలుగా మెదడులా ఉంటుంది. కోస్తే లోపల నిండుగా, దూది కుక్కినట్టు ఉంటుంది. అలా ఉంటే ముట్టుకోకూడదు, విషం."

"ఇంకా?" అంది పెద్దావిడ, పాఠం అప్పజెప్పించుకుంటున్నట్టు.

"మంచిదైనా పచ్చిది నోట్లో పెట్టకూడదు. బాగా ఉడకాలి. అనుమానం ఉంటే ఆకలే మేలు."

"నా బంగారు కొండ!"

పిట్ట తల పెద్దమ్మ భుజానికి ఆనింది. ఆ తల అలా ఎలా ఆనిందో, అది కూడా చూసుకోకుండా, అలవాటుగా ఎలా ఆనిందో చూస్తూ ఉండిపోయింది ఆమె. పిల్ల చెప్పింది చెవుల్లోకి వెళ్ళింది గానీ లోపల కూర్చోలేదు. డొల్ల, దూది, విషం అన్న మాటలు విడివిడిగా గింగిరాలు తిరిగాయి. ఏది ఏ గొడుగుదో ఆమె పట్టించుకోలేదు.

నీళ్ళు పెట్టడానికి అటు తిరిగిందో లేదో, వెనక నుంచి పిట్ట కేక. "మ్మా! ఇటు చూడు, దీంట్లో పురుగు!"

"ఆఁ, వస్తున్నా," అంటూ ఆమె చెయ్యి తుడుచుకుంటూ గబగబా వచ్చింది.

పిట్ట ఆమె వైపు చూడనే లేదు. "నిన్ను కాదమ్మా, పెద్దమ్మని."

తొందరలో పిల్ల "పెద్ద" మింగేసింది. మిగిలింది "మ్మా". అంతే జరిగింది. కానీ ఆమెకి మాత్రం ఒంట్లో రక్తమంతా నెత్తికెక్కినట్టయింది. కన్నదాన్ని నేను, "పెద్ద" ఆవిడా? ఆ పిలుపులో ఇప్పటికే పెద్దరికం ఆవిడది. ఇక మిగిలిన ముక్క కూడా లాగేసుకుంటే నాకేం మిగులుతుంది?

పేపరు నాలుగు మూలలూ కలిపి పట్టుకుంది. ఎత్తి, తేనెగొడుగులన్నిట్నీ చెత్తడబ్బాలో పడేసింది. కాఫీ పిప్పి మీద మెత్తగా పడ్డాయి.

"అమ్మా!"

"నోర్ముయ్. ఈ విషం నా ఇంట్లో ఉడకడానికి వీల్లేదు."

"ఏమ్మా, ఒక్కొక్కటీ కోసే చూశాం కదా," అంది పెద్దావిడ మెల్లగా.

"చూశావులే అక్కా. నీకేం? పోతే పరాయి పిల్ల. ఒక్కదాన్ని కని చూడు, అప్పుడు తెలుస్తుంది."

అనేసింది. అన్నాక వెనక్కి తీసుకోవడానికి మాట ఏమన్నా బట్టా, కుట్లు విప్పడానికి?

పెద్దావిడ చాకు తుడుచుకుంది. మడిచింది. ఖాళీ బుట్ట చేతికి తగిలించుకుని మెట్లెక్కి వెళ్ళిపోయింది. పైన తలుపు వేసిన చప్పుడు కూడా గట్టిగా రాలేదు. పిట్ట చెత్తడబ్బా వంకా, తల్లి వంకా చూసింది. ఆ తర్వాత నోరు మూసింది. తల్లి ముయ్యమంది కదా, నిజంగానే మూసింది.

మొదటి రోజు, సరే, అలిగింది అనుకుంది ఆమె. రెండో రోజు, ఆకలేస్తే అదే మాట్లాడుతుంది అనుకుంది. పిల్ల తింటోంది, బడికి వెళ్తోంది, చెప్పిన పని చేస్తోంది. ఒక్క మాట లేదు. కావలసినవన్నీ తండ్రి ద్వారా.

"నాన్నా, నా తెల్ల చొక్కాకి గుండీ ఊడిందని చెప్పు."

"ఎవరికి చెప్పాలే?"

"గుండీలు కుట్టేవాళ్ళకి."

అతను నవ్వు ఆపుకోలేక గ్లాసు అడ్డం పెట్టుకున్నాడు. ఆమె లోపలికి వెళ్ళి, కొరికిన దారం నోట్లోనే ఉంచుకుని, గుండీ కుట్టింది. కొండకి కట్టినా ఊడిరానంత గట్టిగా కుట్టింది.

"వెళ్ళి వదినకి ఒక మాట చెప్పరాదూ?" అన్నాడతను ఆ సాయంత్రం.

"ఏమని? తప్పయిపోయిందనా? నా పిల్ల కోసం నేను భయపడటం కూడా తప్పేనా?"

"భయపడ్డావా?"

ఆమె కూరగాయల బుట్ట సర్దసాగింది. బాగానే ఉన్న ఉల్లిపాయల్ని తీసి మళ్ళీ అందులోనే పెట్టింది.

పిట్ట మేడ మీదికి వెళ్ళడం మాత్రం మానలేదు. ఆమె ఆపనూ లేదు. ఆపితే నెగ్గలేనేమోనని ఆమె భయం. పైన కుర్చీ జరిగితే చెవులు రిక్కించేది. కింద గొంతు పడిపోయిన పిల్ల పైన గలగలా నవ్వుతోంది. ఆ నవ్వు సీలింగులోంచి కారి, ఇంట్లోని మిషను మీద, కుడుతున్న బట్ట మీద పడుతున్నట్టే ఉండేది. ఆ వారంలో ఆమె దుకాణంలో ఒక పంట్లాము కాలు తిరగేసి కుట్టింది. యజమాని చూసి, "భయాలమ్మా, ఈయనకి మోకాళ్ళు వెనక్కి వంగుతాయా?" అన్నాడు. అందరూ నవ్వారు. ఆమెకి నవ్వు రాలేదు. తిండి సయించడం లేదు. గుండెల్లో మంటకి డాక్టరు దగ్గరికి వెళ్దామనుకుని, అది డాక్టరుకి చూపించే మంట కాదని తనకే తెలిసి ఊరుకుంది.

శనివారం రాత్రి వాన పడింది. ఆదివారం పొద్దున్నే కిటికీ దగ్గర పిట్ట. పైన మేడ మీద అలికిడి లేదు. పెద్దావిడ దుకాణంలో సరుకు లెక్క ఉందని ముందే వెళ్ళిపోయింది, సాయంత్రానికి గానీ రాదు.

ఆమెకి ఒక ఆలోచన తట్టింది. అంత గొప్ప ఆలోచన తనకెందుకు ఇన్నాళ్ళూ రాలేదా అనిపించింది.

"ఆ అడవేమన్నా మీ పెద్దమ్మ రిజిస్ట్రీ చేయించుకుందా? పద, నేను తీసుకెళ్తా," అంది. "ఆ గొడుగులు నాకు మాత్రం దొరకవా? నాకూ రెండు కళ్ళున్నాయి."

పిట్ట ఆమె ముఖంలోకి చూసింది. ఏదో అనబోయి, మానేసి, వెళ్ళి బూట్లు వేసుకుంది.

వానకి గొడుగు, విజిలు, కట్టు కట్టే గుడ్డ, మంచినీళ్ళు, ఇంకో సీసా మంచినీళ్ళు, పాముల కోసం ఒక కర్ర, కూరగాయల బుట్ట. ఆమె సంచీ చూస్తే ఊరు వదిలి పోతున్నారేమో అనుకోవాలి. బస్సులో పిట్ట కిటికీ వైపు, ఆమె దారి వైపు కూర్చున్నారు. మధ్యలో కర్ర.

అడవిలో దారి పిల్లకే తెలుసు. మాట లేకుండా ముందు నడిచింది. రెండు దారులు చీలినచోట ఆగి, తల్లి వచ్చేదాకా చూసి, కుడివైపుకి తిరిగింది. కాలిన నేల మీద లేత గడ్డి మొలిచి ఉంది. నల్లగా మాడిన మొద్దుల మధ్య ఆమె నడుం వంచి వెతికింది. రాళ్ళు గొడుగుల్లా, గొడుగులు రాళ్ళలా కనబడ్డాయి. ఒకచోట ఒక్క ఉదుటున వంగి పట్టుకుంటే ఎండిన మేకపెంట. మామూలుగా అయితే పిట్ట పడీ పడీ నవ్వేది. ఇప్పుడు పెదవి కొరుక్కుని అటు తిరిగింది. ఆమెకి ఆ మేకపెంట కంటే పిల్ల మింగేసిన నవ్వే ఎక్కువ బాధపెట్టింది. పెద్దమ్మతో అయితే నవ్వేది కదా.

ఎంతసేపు వెతికినా తేనెగొడుగు దొరకలేదు. పట్టుదల పెరిగి, కాలిన నేల దాటి, సూదుల్లాంటి ఆకులు రాలి పరుచుకున్న ఇసుక నేలలోకి వెళ్ళింది. సూదుల్ని వెతకడం ఆమెకి అలవాటే. అక్కడ కనబడ్డాయి. ఒకటి కాదు, బుట్టెడు. ఎర్రమట్టి రంగులో ముడుచుకుని, బొద్దుగా, బరువుగా.

"ఇవిగో!" అని గట్టిగా అరిచింది. చెట్ల మీద పక్షులు లేచాయి.

లోపల చూడాలని పిట్ట ఆ రోజు చెప్పిన సంగతి గుర్తుంది. జేబులోంచి దారాలు కత్తిరించే చిన్న కత్తెర తీసి, ఒకదాన్ని నిలువునా చీల్చింది. లోపల తెల్లగా, మెత్తగా, నిండుగా, కొత్తగా దూది కూరిన దిండులా ఉంది. ఆమె ముఖం వెలిగిపోయింది. బొంతైనా దిండైనా లోపల నిండుగా ఉంటేనే సరుకు. డొల్లగా ఉన్నదాన్ని ఏ ఖాతాదారు ఒప్పుకుంటాడు? మనిషైనా అంతే, మాటైనా అంతే. నిండుకుండ తొణకదంటారు. డొల్లది మంచిదని లోకంలో ఎవరన్నా అంటారా?

తలెత్తింది. పిట్ట ఆమె చేతిలోని ముక్కనే చూస్తోంది. నోరు కొంచెం తెరుచుకుని ఉంది. కళ్ళు ఇంతింత చేసుకుని ఉంది. తర్వాత ఆ కళ్ళు ముక్క మీద నుంచి తల్లి ముఖం మీదికి వచ్చి అక్కడే ఆగాయి, ఏదో ఎదురుచూస్తున్నట్టు.

ఆహా, అమ్మకి కూడా దొరికాయని కుళ్ళుకుంటోంది అనుకుంది ఆమె. "ఇవేనంటావా?" అన్న మాట నాలుక చివరి దాకా వచ్చింది. ఆవిడ దగ్గర చదువుకున్న పిల్లని నేనడగాలా? కన్నదాన్ని, నేనే పాఠం చెప్పించుకోవాలా? మింగేసింది. గొడుగులు ఒక్కొక్కటే తీసి బుట్టలో పెట్టింది. పెట్టిన ప్రతిసారీ పిట్ట ఆమె ముఖం వంక చూసింది. ఆమె ప్రతిసారీ బుట్ట వంకే చూసుకుంది.

గ్యాసు కట్టానో లేదోనని వెనక్కి వచ్చే మనిషి, పాలు కొంచెం వాసన మారితే కాలవలో పోసే మనిషి, ఆ రోజు ఇంటికి వచ్చి గొడుగులు కడిగి, ఉల్లిపాయ తరిగి, స్టవ్వు వెలిగించింది. ఆమెకి భయం వెయ్యలేదు. లోపలి లైనింగు పైకి వచ్చేసింది, పైగుడ్డ లోపలికి పోయింది.

"ఇవాళ మీ నాన్నకి కూడా పెడదాం. పైకి కూడా గిన్నెడు పంపిద్దాం. ఎలా ఉందో ఆవిణ్ణే చెప్పమందాం," అంది, వెనక ఉన్న పిల్లకి వినబడేట్టు.

పిట్ట గుమ్మం పట్టుకుని నిలబడింది. నూనె కాగింది. ఉల్లిపాయ వేగింది. గొడుగు ముక్కలు మూకుట్లో పడి చుయ్యిమన్నాయి. ఆవిరి లేచింది. అంతే, పిట్ట మాయం. మెట్ల మీద దడదడా పరుగు, పైన తలుపు బాదుతున్న చప్పుడు, "పెద్దమ్మా! పెద్దమ్మా!"

సరుకు లెక్క ముగించుకుని ఆవిడ అప్పుడే వచ్చినట్టుంది. పైన తలుపు తెరుచుకుంది.

చూశావా, కూర ఉడికీ ఉడక్కముందే చాడీలు అనుకుంది ఆమె. కడుపులో మంట ఒక్కసారిగా కళ్ళలోకి వచ్చింది. ఎవరూ తినకపోతే మానె, నేనే తింటా. గరిటెతో ఒక ముక్క తీసి, ఊదుతూ నోటి దగ్గరికి తెచ్చింది.

పెద్దావిడ వచ్చిన తీరు చూసి ఆమె చెయ్యి దానంతటదే ఆగింది. ఒక కాలికి చెప్పుంది, ఒక కాలికి లేదు. స్టవ్వు కట్టేసింది. గరిటె లాక్కుంది.

"నాలిక్కి తగిలిందా?"

"లేదు."

"నిజం చెప్పు. కొంచెమైనా?"

"లేదక్కా. లేదు."

"పిట్టా, కిటికీలన్నీ తియ్యి. ఆ తలుపు కూడా. దీని ఆవిరి పీల్చినా మంచిది కాదు." మూకుడు మీద మూత పెట్టి, గుడ్డతో పట్టుకుని ఎత్తింది. పీట మీద మిగిలిన ఒక గొడుగు సగం చెక్క తీసి ఆమె ముందు పెట్టింది. "ఇదేంటో తెలుసా? నిండుగా ఉంది కదా? దూదిలా? ఇదే మెదడు గొడుగు. ఇది తిన్న మనిషికి మొదట ఏమీ కాదు. హాయిగా పడుకుంటాడు. ఆ తర్వాత లివరు పోతుంది."

ఆమె స్టూలు మీద కూలబడింది. పైగుడ్డ తిరిగి వచ్చింది. భయమంతా, ఆ వారం భయం, ఆ రోజు పడాల్సిన భయం అంతా ఒక్కసారే వచ్చి మీద పడింది. భర్తకి పెట్టి ఉండేది. పైకి గిన్నెడు పంపి ఉండేది. పిల్లకి...

"అక్కా," అంది.

పెద్దావిడ గుమ్మం దగ్గర మూకుడు పట్టుకుని ఆగింది. "నేను కన్నదాన్ని కాను. అయినా చెప్పు లేకుండా పరిగెత్తుకొచ్చాను. అది గుర్తుపెట్టుకో, చాలు," అంది. పిట్ట వైపు తిరిగి, "నువ్వూ ఉన్నావు కదే అక్కడ?" అంది. పిట్ట తల దించుకుంది. ఆవిడ ఇంకేమీ అడగకుండా, వాటిని పాతిపెట్టడానికి పెరట్లోకి వెళ్ళింది.

వంటింట్లో ఇద్దరే మిగిలారు. తెరిచిన కిటికీలోంచి గాలి వచ్చి ఉల్లిపొట్టుని నేల మీద దొర్లించింది.

పెద్దావిడ పిల్లని అడిగిన ప్రశ్న అప్పటికి గానీ ఆమె బుర్రలోకి దిగలేదు. అవును, పిట్ట అక్కడే ఉంది. కోసినప్పుడు చూసింది. ఏరినంతసేపూ చూసింది. ఆమె ఎప్పుడూ అన్నిట్లోకీ చెడ్డదే ముందు ఊహిస్తుంది. ఇప్పుడూ అదే ఊహించింది. కానీ ఇంత చెడ్డది మునుపెన్నడూ ఊహించలేదు.

"నీకు అడవిలోనే తెలుసా?"

పిట్ట ఒక అడుగు వెనక్కి, గోడ దాకా జరిగింది.

"తెలిసి కూడా ఊరుకున్నావా? నేను పోతే ఆవిడ దగ్గర ఉండొచ్చనుకున్నావా?"

పిట్ట గోడకి ఆనుకుని అలాగే జారి నేల మీద కూర్చుంది. మోకాళ్ళు దగ్గరికి లాక్కుంది. బూటు అంచున అంటుకున్న ఇసుకని గోటితో గీరింది. పెరట్లో పార చప్పుడు వినబడి ఆగిపోయింది. వీధిలో ఎవరో సైకిలు బెల్లు కొట్టుకుంటూ వెళ్ళారు. ఆమె ఇంకోసారి అడగలేదు. అడిగే ధైర్యం లేదు. లేచి వెళ్ళే ధైర్యం అంతకన్నా లేదు. స్టూలు దిగి, తనూ నేల మీదే, పిల్లకి కాస్త దూరంలో కూర్చుంది. కిటికీ లోంచి పడ్డ ఎండ బల్ల కాలు దగ్గర నుంచి వాళ్ళిద్దరి మధ్యకి జరిగింది. పిట్ట ముక్కు ఎగబీల్చింది. మోచేత్తో తుడుచుకుంది. చాలాసేపటికి, వారం రోజులుగా తల్లితో వాడని గొంతుతో, తల ఎత్తకుండానే అంది.

"బుట్ట నిండేదాకా చూశా... ఒక్కసారి నన్ను అడుగుతావేమోనని."